ఏ అంతస్తో చెప్పని చుక్క

చుక్కల మరిదికి ఫోనులో హలో అనడం రాదు.

నోరు లేక కాదు. ఆ నోటికి లిఫ్టు తలుపులకున్నట్టు మూసే మీట ఒకటుంటే ఎంత బాగుండునో అని పెద్దకోడలు చాలాసార్లు అనుకుంది. హలో అనడం దండగని అతని సిద్ధాంతం. ఇవతల ఫోను ఎత్తీ ఎత్తగానే, "మందుల షాపు దాటావు వదినా. కుడిచేతి మలుపులో ఉన్నావు," అంటాడు. ఫోను ఎందుకు చేశాడో ఆ తర్వాత చెబుతాడు, గుర్తుంటే.

"నేనెక్కడున్నానో నాకు తెలీదా అబ్బాయ్? నా కాళ్ళతోనే కదా వచ్చాను?" అనేది పెద్దకోడలు.

"నీకు తెలుసులే వదినా. నాకూ తెలుసని చెబుతున్నా."

అది చెప్పడానికి ఒక ఫోను!

ఈ పిచ్చికి మూలం ఒక యాప్. ఎవరి ఫోను ఎక్కడుంటే అక్కడ మ్యాప్ మీద ఒక రంగు చుక్క వెలుగుతుంది. ఒక ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదినీ వరసగా కూర్చోబెట్టి, టీకాలు వేసినట్టు అందరి ఫోన్లలోనూ దాన్ని ఎక్కించాడు. తల్లికి ఆకుపచ్చ, పెళ్ళానికి ఎరుపు, అక్కకి పసుపు, బావకి నారింజ, తనకి నీలం. పెద్దకోడలికి మాత్రం మట్టిరంగు.

"నాకెందుకయ్యా ఈ మట్టిరంగు?"

"మంచివన్నీ అయిపోయాయి వదినా. నువ్వే ఆఖర్న వచ్చావు."

ఆ రోజు నుంచీ అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. చుక్కల మరిది, చుక్కల మావయ్య, చుక్కల అల్లుడు. ఎవరి వరస వాళ్ళది, చుక్కలు మాత్రం ఉమ్మడి.

మనిషి లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడలకి అతనే దిక్కు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, మోకాళ్ళ మీద గ్రీజు మరకలతో, జేబులో ఆ ఫోనుతో తిరుగుతాడు. ఇందులో వింత ఏమిటంటే, లోకంలో అందరి జాడా కనిపెట్టే ఈ మహానుభావుడి జాడ ఎవరికీ దొరకదు. లిఫ్టు పైకీ కిందికీ నడిచే ఆ చీకటి బావిలోకి దిగాడంటే సిగ్నలు పోతుంది. నీలం చుక్క టపీమని మాయమవుతుంది.

"పెళ్ళాం ఎక్కడుందో ఈయనకి తెలుసు. మొగుడు ఎక్కడ చచ్చాడో నాకు తెలీదు. ఇదేం యాప్ అక్కా?" అని తోటికోడలు పెద్దకోడలి దగ్గర తల కొట్టుకునేది.

యాప్ మీద ఈగ వాలనివ్వడు గానీ, దానితో అతనికీ ఒక పేచీ ఉంది. అది మనిషి ఏ అంతస్తులో ఉన్నాడో చెప్పదు. నేల మీదున్నా, పదో అంతస్తులో ఉన్నా ఒకటే చుక్క. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతస్తులే బతుకైన మనిషికి ఇది పెద్ద అవమానం. "ఎవడు చేశాడో గానీ వాడి జన్మలో మేడ ఎక్కి ఉండడు," అని తిట్టుకునేవాడు. ఆ కంపెనీవాళ్ళకి ఫిర్యాదు కూడా పంపాడు. మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది అని జవాబొచ్చింది. దాన్ని ఇంటిల్లిపాదికీ చూపించాడు, సన్మానపత్రంలాగ.

మొదటి నెల అందరికీ సరదాగానే ఉంది. మనుషులకి ఎదుటివాళ్ళు ఎక్కడున్నారో చూడ్డంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు కదా. ఆడపడుచు వంట మానేసి మ్యాప్ చూసేది. "అదుగో, అమ్మ ఆకుపచ్చ చుక్క మార్కెట్టుకి బయల్దేరింది!" అని చప్పట్లు కొట్టేది. తల్లి మార్కెట్టుకి వెళ్ళడం అదేదో చంద్రమండలానికి వెళ్ళినట్టు. వెనకటికి ఆవిడే ఆ సంచీ మోయడానికి తల్లి వెంట వెళ్ళేది. ఇప్పుడు చుక్క వెంట కళ్ళు వెళుతున్నాయి, సంచీ మాత్రం ముసలావిడే మోస్తోంది. పెద్దకోడలికి ఒళ్ళు మండేది ఇక్కడే. ఎవరెక్కడున్నారో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరింటికీ రావడం లేదు.

అత్తగారొక్కతే ఈ వ్యవహారానికి తగిన గౌరవం ఇచ్చింది.

"అమ్మా, వంటింట్లో ఉన్నావు," అని కొడుకు ఫోను చేస్తే, "వంటింట్లో కాకపోతే నన్ను ఇంకెక్కడ కూర్చోబెట్టావురా?" అని పెట్టేసేది.

బావ కథ వేరు. డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నాడు. ఆయన పొట్ట వద్దంది. ఇద్దరిలో పొట్ట దగ్గర, డాక్టరు దూరం. అందుకని పార్కులో రోజూ పరిగెత్తే ఒక స్నేహితుడి జేబులో తన ఫోను పెట్టి, తాను గేటు పక్కన బెంచీ మీద బజ్జీలు తింటూ కూర్చునేవాడు. నారింజ చుక్క పార్కు చుట్టూ గిర్రున తిరిగేది. చుక్కల మరిది మురిసిపోయి ఊరంతా చాటాడు. చివరికి ఒకరోజు ఆ స్నేహితుడు ఫోనుతో సహా బస్సెక్కి అత్తారింటికి పోయాడు.

"బావా! మీరు ఊరి పొలిమేర దాటేశారు! ఆగండి, గుండె మీదకొస్తుంది!" అని ఇతను ఫోనులో ఒకటే కేక.

అవతల ఆ స్నేహితుడు, "అయ్యా, నేను మీ బావని కాదు, బస్సులో ఉన్నాను," అన్నాడు.

ఆ రాత్రి ఆడపడుచు ఇంట్లో జరిగిన గొడవని ఏ మ్యాపూ చూపించలేదు.

ఇక తోటికోడలు. ఆవిడకి ముగ్గురు స్నేహితురాళ్ళున్నారు, ప్రాణంలో ప్రాణం. వాళ్ళ చుక్కలు కూడా తన ఫోనులో పెట్టుకుంది. ఒక సాయంత్రం చూస్తే ఆ మూడు చుక్కలూ ఒకే ఇంట్లో కుప్పపడి ఉన్నాయి. ఈవిడని పిలవలేదు. యాప్ లేకపోతే తెలిసేదే కాదు, హాయిగా నిద్రపోయేది. ఇప్పుడు మంచం మీద బోర్లా పడి ఏడుస్తోంది.

"నేనేం చేశాను వాళ్ళకి? మూడు చుక్కలూ ఎలా నవ్వుతున్నాయో చూడండి!"

"చుక్కలు నవ్వవే," అన్నాడు మొగుడు. ఆ తర్వాత కాసేపు తల గోక్కున్నాడు. "లే. స్కూటరెక్కు."

ఆ ఇంటి చుట్టూ స్కూటరు మీద ఆవిణ్ణి ప్రదక్షిణలు చేయించాడు. లోపల ముగ్గురి ఫోన్లలోనూ ఎర్రచుక్క ఒకటి తమ చుట్టూ గద్దలా తిరగడం మొదలెట్టింది. కాసేపటికి తలుపు తీసి, ముఖాలు పాలిపోయి, "అయ్యో నిన్నే పిలుద్దామనుకుంటున్నాం!" అన్నారు. తోటికోడలు కేకుముక్క తిని వచ్చింది. ఇతను బయట స్కూటరు మీదే కూర్చుని, "మీ ఆవిడేదయ్యా?" అని దారినపోయే తెలిసినవాడొకడు అడిగితే, "హాల్లో ఉంది, సోఫాకి ఎడం పక్కన," అన్నాడట.

ఇంకోసారి అదే ఎర్రచుక్క నది మధ్యలో కనిపించింది. సగం విప్పిన లిఫ్టుని అలాగే వదిలేసి, గ్రీజు చేతులతో ఒడ్డున నిలబడి పెళ్ళాం పేరు పెట్టి ఏడ్చాడు. పడవవాళ్ళు పోగయ్యారు. ఒకడు దూకడానికి చొక్కా కూడా విప్పేశాడు. ఆవిడ నది పక్కన బట్టల కొట్టు మేడ మీద, కిటికీ దగ్గర నిలబడి ఈ గుంపేమిటా అని చూస్తోంది. మొగుణ్ణి గుర్తుపట్టి, పక్కనున్నావిడతో, "పాపం ఎవరో పోయినట్టున్నారు," అంది. ఆయన మా ఆయనే అని చెప్పుకోవడానికి సిగ్గేసి.

ఇన్ని జరిగాక బుద్ధున్నవాడైతే మానేస్తాడు. ఇతను మానలేదు. అడిగితే పని కబుర్లు చెప్పేవాడు.

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే మొదట చేయాల్సిన పనేంటో తెలుసా వదినా? తలుపు తియ్యడం కాదు. మీరు ఫలానా అంతస్తుకీ ఫలానా అంతస్తుకీ మధ్య ఉన్నారు, భయపడకండి, కదలకండి, నేను కిందే ఉన్నాను, వస్తున్నా అని కేకెయ్యాలి. ఎక్కడున్నారో తెలిస్తే చాలు, లోపలివాళ్ళకి ఊపిరాడుతుంది. ఆ ముక్క చెప్పకపోతే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా తలుపులు బాదుకుంటారు."

"మేమేమన్నా లిఫ్టులో ఇరుక్కున్నామా?"

"ఏమో. ఎవరు చెప్పగలరు?" అనేవాడు.

ఈ జవాబు వింటే పెద్దకోడలికి ఇంకా కంపరమెత్తేది.

ఆవిడ భర్త పోయి ఏడాది దాటింది. మధ్యాహ్నం భోజనం చేసి, కిటికీ పక్క కుర్చీలో పేపరు చూస్తూ చూస్తూ పోయాడు. కునుకు పట్టిందనుకుని ఆవిడ గిన్నెలు చప్పుడు కాకుండా తోమింది. ఫ్యాను కొంచెం పెంచింది. పెరటి తలుపు కిర్రుమంటుందని తియ్యలేదు కూడా. కాఫీ వేళకి లేపబోయింది.

ఆ సంగతి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడ్డానికేముంది? కానీ అప్పట్నుంచి భోజనాల వేళ దాటితే ఆ ఇంట్లో ఉండలేకపోయేది. కుర్చీ తీసి అటకెక్కించింది. అయినా అది ఉండే చోటు అక్కడే ఉంది. దాన్ని అటకెక్కించడం కుదరలేదు.

చౌరస్తాలో ఒక పెద్ద ఫర్నిచరు షాపుంది. ఒకరోజు ఎండకి తాళలేక అందులోకి వెళ్ళింది. రెండో అంతస్తులో ఒక మూల ఇల్లులాగే అమర్చిన గది. సోఫా, దాని ముందు అట్టతో చేసిన టీవీ, బల్ల మీద ప్లాస్టిక్కు యాపిల్ పళ్ళు, అలమరలో అట్టలు తప్ప కాగితాల్లేని పుస్తకాలు. ఆవిడ సోఫాలో కూర్చుంది. ఎదురుగా నల్లటి అట్ట టీవీ. ఆ ఇంట్లో ఎవరూ ఉండరు, కాబట్టి ఎవరూ లేరని అనిపించదు. చాన్నాళ్ళ తర్వాత మధ్యాహ్నం గడిచింది.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ. రోజూ వెళ్ళేది. బట్టతల సేల్స్‌మన్ ఒకాయన గ్లాసుడు మంచినీళ్ళు పెట్టి వెళ్ళేవాడు తప్ప, "ఏం కావాలమ్మా" అని ఒక్కనాడూ అడగలేదు. మర్యాదస్తుడు అనుకుంది. సోఫా మీద "అమ్ముడైనది" అని ఒక చీటీ వేలాడుతూ ఉండేది. కొన్న మహానుభావుడు నెలల తరబడి వచ్చి పట్టుకుపోడు. వాడెవడో బద్ధకస్తుడు, వాడి కడుపు చల్లగుండ అనుకుంది.

ఇల్లు దాటి ఆవిడకంటూ మిగిలిన చోటు అదొక్కటే. అది నలుగురి నోళ్ళలో పడితే ఇక అక్కడ కూర్చోలేదు. "పాపం, మొగుడు పోయాక మతి చెదిరి అట్ట టీవీ ముందు కూర్చుంటోంది" అంటారు. ఓదార్చడానికి వెంట వస్తారు. సోఫా నిండిపోతుంది.

భయపడ్డంతా అయ్యింది. ఒక ఆదివారం అందరూ అత్తగారింట్లో భోజనాలకి కూడారు. చుక్కల మరిది చేయి కడుక్కోవడానికి లేవగానే తోటికోడలు అతని ఫోను తీసింది.

"అక్కా, రోజూ మధ్యాహ్నం నీ మట్టిచుక్క చౌరస్తాలో ఉంటుందేం? గంటలు గంటలు! ఏముందక్కడ?"

ఆడపడుచు మెడ సాచింది. బావ బజ్జీ నములుతున్న నోరు ఆపాడు. పెద్దకోడలు కలిపిన ముద్దని కంచంలోనే వదిలేసింది. చెప్పేస్తాడు. ఎవరు ఏ గుమ్మం ముందున్నారో దండోరా వేసే మనిషి, దీన్ని వదులుతాడా?

అతను తడిచేత్తోనే వచ్చి ఫోను లాక్కున్నాడు.

"సిగ్నలు తప్పు. ఆ చౌరస్తాలో ఎప్పుడూ అంతే. నది మధ్యలో నిన్ను చూపించలేదూ?"

"అది ఒక్కరోజు. ఇది రోజూనండీ."

"రోజూ తప్పే. వదినకి పెరుగు వెయ్యి."

గండం గడిచింది. అయినా పెద్దకోడలికి ధైర్యం చిక్కలేదు. ఇవాళ సిగ్నలు మీదకి పోయింది, రేపు తన మీదకి వస్తుంది. మర్నాడు భోజనం కాగానే ఫోను తీసి బియ్యం డబ్బాలో, పిల్లిని సంచీలో వేసినట్టు, లోపలికంటా కూరి మూత పెట్టింది. మోగినా వీధిలోకి వినపడదు. ఉండు, నువ్వూ నీ మట్టిరంగూ ఇక్కడే ఉండండి అని, లోపల్నుంచీ బయట్నుంచీ ఒకేలా పడే తలుపు తాళం వేసుకుని షాపుకి పోయింది. ఆ రోజు సోఫాలో కూర్చుంటే ఒళ్ళు ఎంత తేలికయ్యిందంటే, ఒక కునుకు కూడా తీసింది.

సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం.

వీధి తలుపు లేదు. అంటే ఉంది, కానీ గోడకి చేరవేసి ఉంది. విరగలేదు, పగల్లేదు. బందులకున్న మరలన్నీ పద్ధతిగా విప్పి, వరసగా అరుగు మీద పేర్చి ఉన్నాయి. తాళం తలుపుకే అంటిపెట్టుకుని పాపం తన పని తాను చేస్తోంది. అత్తగారు అరుగు మీద కూర్చుని విసురుకుంటోంది. ఆడపడుచు ముక్కు చీదుతోంది. బావ నిజంగానే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయి ఉంది. లోపల్నుంచి తోటికోడలి గొంతు.

"అక్కా! ఎక్కడున్నావక్కా! బియ్యం డబ్బా మోగుతోందండీ! అక్క బియ్యం డబ్బాలో ఎలా పడుతుందండీ!"

చుక్కల మరిది వంటింట్లో నేల మీద చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో డబ్బా, చుట్టూ బియ్యం, చేతిలో మోగుతున్న ఫోను. గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడల్ని చూసి, ఫోను వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. రెండు చోట్ల ఉండటం ఎలా కుదిరిందో అతనికి అంతుపట్టలేదు.

"తలుపెందుకు పీకావు?" అంది ఆవిడ.

"కదల్లేదు వదినా," అన్నాడు. "మధ్యాహ్నం నుంచీ చుక్క కదల్లేదు. ఫోనెత్తవు. కదలకపోతే కునుకు తీస్తున్నావు, చప్పుడు చెయ్యకూడదు అనుకుని ఊరుకోమంటావా?"

ఆవిడ ఇక ఆ తలుపు సంగతి ఎత్తలేదు.

ఎత్తడానికి మిగతావాళ్ళున్నారుగా. భయం పోయి కోపం వచ్చింది అందరికీ.

"ఇంతకీ ఎక్కడికెళ్ళావు వదినా? ఫోను దాచిపెట్టి మరీ?" అంది ఆడపడుచు.

పెద్దకోడలి చేతిలో కూరగాయల సంచీ అయినా లేదు, చూపించడానికి. నోరు తెరిచింది.

"టైలరు దగ్గరికి," అన్నాడు నేల మీంచి చుక్కల మరిది. "పొద్దున్నే చెప్పింది నాకు. ఫోను పాడైంది, చెమ్మ లాగుతుందని బియ్యంలో పెడుతున్నానని కూడా చెప్పింది. నేనే మర్చిపోయా."

అంతే. అందరూ అతని మీద పడ్డారు.

"మర్చిపోయి తలుపు పీకారా?" అంది తోటికోడలు.

"ఎడమ చెప్పూ కుడి చెప్పూ చూసుకోకుండా వచ్చానురా!" అన్నాడు బావ.

అత్తగారు విసనకర్రతో కొడుకు నెత్తిన ఒకటి తగిలించింది. "తగలెయ్యి ఆ యాప్‌ని! మనిషికీ డబ్బాకీ తేడా తెలీని దాన్ని నమ్ముకుని నన్ను ఎండలో ఆటోలో వేసుకొచ్చాడు, సన్నాసి!"

అతను తల వంచుకుని ఒక్కొక్క బియ్యపు గింజా ఏరుతున్నాడు. పెద్దకోడలు చూస్తూ నిలబడింది. మనుషులు ఎక్కడున్నారో చెప్పడంలో ఆ మనిషి ఆవిడకి తెలిసి ఆడిన మొదటి అబద్ధం అది. అంత గడగడా ఎలా ఆడేశాడా అని.

చీకటి పడకుండా తలుపు బిగించి పోయాడు. వెనకటి కంటే బాగా బిగించాడు. పెరటి తలుపు బందులకి కూడా నూనె వేశాడు. అది ఇప్పుడు కిర్రుమనడం లేదు.

తర్వాత కొన్నాళ్ళు పెద్దకోడలు షాపుకి వెళ్ళలేదు. ఫోను మోగలేదు. మందుల షాపు దాటింది, ఎవరూ చెప్పలేదు. కుడిచేతి మలుపు తిరిగింది, ఎవరికీ పట్టలేదు. ప్రాణానికి హాయి అనుకుంది. అనుకుని, మలుపులో కాసేపు నిలబడి ఫోను వైపు చూసింది. బాగానే పనిచేస్తోంది, వెధవ ఫోను.

తోటికోడలు మాత్రం చేసింది. గొంతులో గాభరా.

"అక్కా, ఆయన ఇవాళ నాకు ఫోను చేసి హలో అన్నారు."

"అంటే ఏమైంది?"

"హలో అన్నారక్కా! ఎక్కడున్నావు అనడిగారు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అన్నం సరిగ్గా తినరు. ఫోను తీసి చూడరు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషిలా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. నువ్వొకసారి తిట్టు అక్కా. నేను తిడితే పలకడం లేదు."

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు షాపుకి వెళ్ళింది. గుమ్మంలోనే బట్టతల సేల్స్‌మన్ ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి! రావడం మానేశారు, మావాళ్ళెవరైనా ఏమైనా అన్నారేమోనని భయపడి చస్తున్నా. ఆయనకేం జవాబు చెప్పాలి?"

"ఎవరికి?"

"మీ మరిదిగారికండీ. మా లిఫ్టు చూసేది ఆయనేగా. మీరు మొదట్లో ఒకటి రెండుసార్లు వచ్చినప్పుడే పైన మిమ్మల్ని చూసి, నాకొచ్చి చెప్పారు. 'మా వదిన వస్తుంది, పైన సోఫాలో కూర్చుంటుంది. ఏం కావాలని అడక్కండి, మంచినీళ్ళు పెట్టండి చాలు. ఆ సోఫా ఎవరికీ అమ్మకండి' అన్నారు. అమ్మకుండా ఎలాగండీ అంటే, ఆయనే చీటీ రాసి తగిలించారు. అందుకే కదా మా లిఫ్టు ఒక్కనాడూ ఆగదు! ప్రతి వారం వచ్చి చూసిపోతారు. ఈ మధ్యే రావడం లేదు. మొన్న మీ ఇంటి తలుపు పీకారని విన్నా, నాకొక్క ఫోను కొట్టుంటే, పైన గురకపెడుతున్నారండీ అని చెప్పేవాణ్ణిగా!"

పెద్దకోడలికి ఆ చీటీ గుర్తొచ్చింది. బద్ధకస్తుడైన ఆ మహానుభావుడు వీడా! చౌరస్తాలో గంటల తరబడి నిలబడ్డ మట్టిచుక్కని అతను మొదట్నుంచీ చూస్తున్నాడు. ఇంటిల్లిపాది జాడా వీధిన పెట్టినవాడు, ఈ ఒక్క చోటునీ నోట్లోంచి జారనివ్వలేదు. గురక సంగతి అలా ఉంచి, ముందు వీణ్ణి తిట్టాలి అనుకుంది. సంచీలోంచి ఫోను తీసింది.

అప్పుడు, ఎందుకనో, ఆ యాప్ నొక్కింది. ఎక్కించిన రోజు తర్వాత ఆవిడ దాన్ని తెరవడం ఇదే. చౌరస్తా కనిపించింది. దాని మీద తన మట్టిచుక్క. దాని నెత్తి మీద, ఎక్కి కూర్చున్నట్టు, ఒక నీలం చుక్క.

చుట్టూ చూసింది. కుర్చీలు, మంచాలు, అద్దాల బీరువాలు. మనిషి లేడు. సేల్స్‌మన్ కూడా చూడలేదు, వెనక మెట్ల మీంచి వచ్చి ఉంటాడన్నాడు. ఇద్దరూ ఒకేచోట ఉన్నారని మ్యాప్ ప్రమాణం చేసి చెబుతోంది. అంతకంటే దానికి తెలీదు.

ఆవిడకి తెలుసు. ఫోను చేసింది. అవతల ఎత్తిన చప్పుడైంది.

"హ..." అన్నాడు నీరసంగా.

"రెండో అంతస్తులో ఉన్నావు," అంది పెద్దకోడలు. "నా సోఫాలో. అట్ట టీవీకి ఎదురుగా."

అవతల సోఫా ఒక్కసారి కిర్రుమంది.

"వదినా, అంతస్తు నీకెలా తెలిసింది? యాప్‌లో రాదే!"

"యాప్ ముఖం. భయపడకు. కదలకు. నేను కిందే ఉన్నాను, వస్తున్నా."

లిఫ్టెక్కి మీట నొక్కింది. అది గొప్పగా కదిలి, కొంచెం పైకి పోయి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. వారాల తరబడి చూసే నాథుడు లేకపోతే ఏ లిఫ్టయినా అంతే. దీపం ఆరింది. చేతిలో ఫోనుకి సిగ్నలు పోయింది. మట్టిచుక్కా లేదు, నీలం చుక్కా లేదు.

పైన ఎవరో దబదబా పరిగెత్తుకొస్తున్న అడుగులు. ఇనుప తలుపు సందులోంచి కేక వినిపించింది. ఎంత హుషారుగా ఉందంటే, ఇన్నాళ్ళూ ఆ గొంతు ఎక్కడ దాచాడో అనిపించింది.

"వదినా! ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఉన్నావు!"

నేనెక్కడున్నానో నాకు తెలీదా అబ్బాయ్ అందామని అలవాటుగా నోటిదాకా వచ్చింది. కానీ చీకట్లో చుట్టూ తడుముకుంటే, నిజంగానే తెలీదు.

లిఫ్టు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"వినపడలేదు. ఇంకోసారి చెప్పు," అంది, శుభ్రంగా వినపడినా.